బావ ప్రచారం, మన ఉద్యోగం

రాజోలు దగ్గర సచివాలయంలో పనిచేస్తున్నారు, మీ బావ ఎమ్మెల్యే అభ్యర్థి వెనక తిరుగుతూ పోలింగ్ ఏజెంటుగా కూర్చోమంటున్నాడు, సాయంత్రాలు ప్రచారానికి వెళ్తే తప్పా అని కదండీ మీరడిగింది.

ఏజెంటు మాట మాత్రం ససేమిరా వద్దండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 134-ఎ సెక్షన్ ఉంది. ప్రభుత్వోద్యోగి పోలింగ్ ఏజెంటుగానో కౌంటింగ్ ఏజెంటుగానో కూర్చుంటే 3 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూను. సెలవు పెట్టానన్నా వినరు.

ఇక సాయంత్రాలు. డ్యూటీ దిగాక మన ఇష్టం అనుకుంటాం గానీ, ఏపీ ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల్లో 19వది గడియారం చూడదండి. పార్టీ సభ్యత్వం, చందా, ప్రచారం ఏదీ కుదరదు. ఓటు వేసుకోవచ్చు, ఎవరికేశామో మాత్రం బయటపెట్టకూడదు. వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే, స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళు మన ఆఫీసులోనే ఉంటారు!

బండి కూడా చూసుకోండి. కిందటి ఎన్నికలప్పుడు అమలాపురంలో పెళ్ళికెళ్తే, మా పిన్ని కొడుకు నా స్కూటీ మడ్‌గార్డు మీద పార్టీ గుర్తు స్టిక్కరు అంటించేశాడు. మర్నాడు ఆఫీసు షెడ్డులో అటెండరు చూసి చెబితే, కొబ్బరినూనె రాసి గోటితో గీకాను. జిగురు మరక ఇంకా పోలేదు.

మీ బావ తిరగడం ఆయనిష్టం, దానికి మీరు జవాబుదారీ కాదు. "బావా, భోజనానికి పిలు, వస్తా. ఏజెంటుకి వేరేవాణ్ణి చూసుకో" అనేయండి.