ఇంజినీరు మేయరైతే?

ప్రశ్న: మున్సిపాలిటీలో సివిల్ ఇంజినీర్‌ని. ఉద్యోగం వదిలి మేయర్‌గా పోటీ చేయమని స్నేహితులు ఒకటే పోరు. నీళ్లు, డ్రైనేజీ తెలిసినవాడైతేనే ఊరు బాగుపడుతుందంటారు. అలా అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. ముప్పై ఏళ్లు పైపులైన్లతో వేగినవాణ్ణి కాబట్టి, నాకు చప్పున గుర్తొచ్చేది ఫ్రెడ్ ఈటన్. 1898 నుంచి 1900 దాకా లాస్ ఏంజెలెస్ మేయర్. ఇంజినీరింగ్ కాలేజీలో కాదు, పనిలో నేర్చుకున్నాడు. నగరానికి నీళ్లిచ్చే ప్రైవేటు కంపెనీలో సూపరింటెండెంట్, తర్వాత సిటీ ఇంజినీర్. మేయరయ్యాక మాత్రం నీళ్లు ప్రైవేటు చేతుల్లో ఉండకూడదని పట్టుబట్టాడు. ఆయన దిగిపోయిన రెండేళ్లకి, 1902లో, నీటి సరఫరా నగరపాలన చేతికొచ్చింది.

అసలు కథ ఆ తర్వాతే. ఉత్తరాన ఎక్కడో ఓవెన్స్ లోయ. మధ్యలో ఎడారి, కొండలు. లోయేమో నగరం కన్నా దాదాపు నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంది. ఆ లెవెల్ తేడా చూసి, పంపు లేకుండా గ్రావిటీ మీదే నీళ్లు వస్తాయని ఈటన్ కనిపెట్టాడు. 1904లో విలియం మల్‌హాలండ్‌ని బండిలో తీసుకెళ్లి చూపించాడు. ఈ మల్‌హాలండ్ ఒకప్పుడు ఈటన్ కింద కాలువల్లో చెత్త తీసినవాడే. అప్పటికి నీటి శాఖకి అధిపతి. 1913లో ఆ లోయ నుంచి నగరానికి 233 మైళ్ల కాలువ పూర్తయింది. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ పనిలో ఒక్క రోజైనా ఎండలో నిలబడ్డవాడికి అదెంత పనో తెలుస్తుంది.

ఇక్కడే తిరకాసు. లోయలో భూములు కొన్నది ఈటనే. నగరానికి కావలసినవి అమ్మాడు గానీ, రిజర్వాయరుకి బాగా కుదిరే లాంగ్ వ్యాలీని తన దగ్గరే ఉంచుకున్నాడు. అక్కడ నగరానికి ఇచ్చింది వంద అడుగుల డ్యామ్ కట్టుకునే హక్కు మాత్రమే. అంతకన్నా ఎత్తు కావాలంటే పది లక్షల డాలర్లు ఇమ్మన్నాడు. మల్‌హాలండ్ ససేమిరా అన్నాడు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. నగరం దగ్గరలోనే మల్‌హాలండ్ వేరే డ్యామ్‌లు కట్టాడు. వాటిలో ఒకటైన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ 1928 మార్చి 12 అర్ధరాత్రి తెగి నాలుగు వందల మందికి పైగా చచ్చిపోయారు. ఆ పాపం ఈటన్‌ది అనను. డిజైన్ ఆయనది కాదు. ఆయన భూమీ చివరికి అప్పుల్లో పోయింది. 1934లో పోయాడు. లాంగ్ వ్యాలీలో డ్యామ్ 1941లో లేచింది.

మీ సంగతికొస్తే, పోటీ చేయండి. మీ చదువు అక్కరకొస్తుంది. కాంట్రాక్టరు తెచ్చే ఎస్టిమేట్ చూసి బిక్కమొహం వేసే పని ఉండదు. కాకపోతే, రాబోయే పైపులైన్ దారిలో మీ పేరునో ఇంట్లోవాళ్ల పేరునో స్థలం ఉందా? ఉంటే నామినేషన్ వేసే రోజే బయటపెట్టేయండి. లేకపోతే మరీ మంచిది, గెలిచాక కొనకండి.