కుర్చీలు ఎదురెదురుగా వేయకు

చిరంజీవి సుజాతకు,

అత్తయ్య ఆశీస్సులు. కుటుంబ న్యాయస్థానంలో కౌన్సెలర్‌గా చేరావని మీ నాన్న చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఆ పనే చేసినదాన్ని, నాలుగు ముక్కలు రాయకుండా ఎలా ఉంటాను?

ముందు కుర్చీల సంగతి. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టకు, వాదించుకోవడానికి కోర్టు హాలు ఎలాగూ ఉంది. కాస్త ఏటవాలుగా వేయి. వెంట వచ్చిన తల్లులు, మేనమామలు వరండాలోనే ఉండాలి. మొహమాటపడ్డావో, నీ గది పెద్దమనుషుల పంచాయతీ అయిపోతుంది.

కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. "చెయ్యి చేసుకుంటాడా?" అని ఆమెను సూటిగా అడుగు. "కోపం వస్తేనే" అన్నదంటే అవునన్నట్టే. ఇక అక్కడ మాటల మర్యాద నేర్పే పని కాదు నీది. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారు, మహిళల సహాయానికి 181 ఫోను నంబరు ఉంది, ఆ దారి చూపించు. కౌన్సెలింగులో కొట్టినవాడు తన చేష్టను సమర్థించుకోకూడదని ఆ చట్టం నియమాలే చెబుతున్నాయి. కొత్తలో నేను ఒకామెతో "సర్దుకుపో తల్లీ" అన్నాను. ఆమె మళ్లీ రాలేదు.

మిగతా జంటలకు నేను వాడింది ఒకే పద్ధతి. ఒకరు చెప్పినది రెండోవారు తిరిగి చెప్పాలి. మొదటివారు "అవును, అదే" అన్నాకే జవాబు. పిల్లల ఆటలా ఉంటుంది కానీ చెమటలు పట్టిస్తుంది. ఒకసారి భార్య, "ఆలస్యమైతే ఫోను చేయడు" అంది. తిరిగి చెప్పమంటే ఆయన, "నామీద నమ్మకం లేదంటోంది" అన్నాడు. కాదంది. "గంటగంటకూ లెక్క చెప్పాలంటోంది." అదీ కాదంది. చివరకు ఆమే, "అన్నం రెండుసార్లు వేడి చేస్తాను. మూడోసారి ఒక్కదాన్నే తినేస్తాను" అంది. ఆయన గడియారం పట్టీ లాగుతూ చాలాసేపు కూర్చుని, "ఒక్కతే తింటోంది" అన్నాడు. "అదే" అంది. అంతకే ముప్పావుగంట పట్టింది.

మాటకంటే పెదవి విరుపును గమనించు. దంపతులను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కూడా విమర్శకంటే, మౌనంకంటే చులకనగా చూడడమే చెడ్డదన్నాడు. "మీ ఇంటివాళ్ల బుద్ధులు" అన్న మాట రాగానే ఆపు. గొంతులు పెరిగితే ఇరవై నిమిషాలు బయట తిరిగి రమ్మను.

రాజీకి ప్రయత్నించడం 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కోర్టుకు అప్పగించిన బాధ్యత. కాబట్టి ఎందరిని కలిపావని నిన్ను అడుగుతూనే ఉంటారు. ఆ లెక్క నెత్తికెత్తుకోకు. పైన చెప్పిన జంట చివరకు విడిపోయింది. కానీ పిల్లవాడి బడి ఫీజుకు, సెలవులకు మళ్లీ కోర్టుకు రాలేదు. అదీ నా ఖాతాలోనే వేసుకున్నాను.

బల్ల మీద మంచినీళ్ల గ్లాసులు మూడు పెట్టుకో. నీ గొంతూ ఎండుతుంది.

అత్తయ్య