న్యూరోసైకాలజీ చదువుకు స్థలం అమ్మాలా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. నెలకు 40 వేలు వస్తాయి. బీఎస్సీ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి న్యూరోసైకాలజిస్టు అవుతానంటోంది. 7 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పేరేచర్ల దగ్గర 150 గజాల స్థలం ఉన్నాయి. ఒక సంస్థ ఆరు నెలల ఆన్‌లైన్ న్యూరోసైకాలజీ డిప్లొమాకు 2.4 లక్షలు అడుగుతోంది. అది కట్టి, పై చదువుల కోసం స్థలం ఇప్పుడే అమ్మేయమంటారా?

జవాబు: ఆ డిప్లొమాకు డబ్బు కట్టవద్దు, స్థలం ఇప్పుడే అమ్మవద్దు. మీ అమ్మాయి ఎంచుకున్న దారి మాత్రం మంచిదే. పక్షవాతం వచ్చినవారికి, తలకు దెబ్బ తగిలినవారికి, మూర్ఛ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మాట ఎంత మేరకు దెబ్బతిన్నాయో పరీక్షించి చెప్పే నిపుణుల అవసరం మన ఆసుపత్రులకు నిజంగా ఉంది.

అయితే మన దేశంలో ఈ వృత్తిలోకి వచ్చేవారు చాలావరకు సైకాలజీలో పీజీ చేసి, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ (మానసిక సమస్యలను పరీక్షించి చికిత్స చేసే విభాగం) శిక్షణ పూర్తి చేసి, మండలిలో రిజిస్టరు అయిన తరువాతే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్ల న్యూరోసైకాలజీలో ప్రత్యేక అనుభవం సంపాదిస్తారు. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఈ మెట్లలో ఒక్కదానికీ బదులు కాదు. సైకాలజీ డిగ్రీ, పీజీ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపడాన్ని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆపించింది కూడా. క్లినికల్ సైకాలజీ శిక్షణగా ఉన్న పాత ఎంఫిల్ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్న సమయమిది కాబట్టి, ఎక్కడ చేర్చినా ఫీజు కట్టే ముందు ఆ కళాశాల, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూసుకోండి. గుర్తింపు లేని కోర్సుకు కట్టిన ఫీజును మించిన నష్టం ఈ చదువులో మరొకటి లేదు.

ఇక డబ్బు సంగతి. ఈ చదువు నాలుగైదేళ్ల పాటు మెట్టు మెట్టుగా సాగుతుంది, ప్రతి మెట్టు దగ్గరా ప్రవేశపరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది. ఏ సీటు వస్తుందో తెలియకముందే స్థలం అమ్మితే, ఆ సొమ్ము అన్నేళ్లు చేతిలో నిలవడం కష్టం. పీజీని వీలైనంత వరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివించి, ఆ రెండేళ్ల ఖర్చును డిపాజిట్‌లోంచి 2 లక్షలు దాటకుండా సర్దండి. మిగిలిన 5 లక్షలు మీ ఇంటి అత్యవసరాలకు, మీ వృద్ధాప్యానికి మొదటి ఆసరా కాబట్టి వాటిని కదపవద్దు.

క్లినికల్ శిక్షణకు విద్యారుణం తీసుకోవడం మేలు. ఉదాహరణకు 10 శాతం వడ్డీకి 5 లక్షలు తీసుకున్నారనుకుందాం. చదివే రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మొత్తం సొమ్ము మొదట్లోనే విడుదలైతే ఆ మూడేళ్లకు సాధారణ వడ్డీయే 1.5 లక్షలు అవుతుంది. అది అసలుకు కలిస్తే ఏడేళ్ల పాటు నెలకు సుమారు 10,800 కట్టాలి. అలా కాకుండా చదువుకునే రోజుల నుంచే నెలకు 4,200 చొప్పున వడ్డీ తీర్చేస్తే, తరువాతి వాయిదా సుమారు 8,300 దగ్గరే ఆగుతుంది. ఉద్యోగం మొదట్లో జీతం తక్కువగా ఉండే వృత్తి కనుక, నెలకు 2,500 తేడా మీ అమ్మాయికి చాలా పెద్ద ఊరట. మీ జీతంలోంచి ఆ 4,200 తీయగలరనే నా నమ్మకం.

మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపే కాబట్టి, ఎంపికైన సంస్థల్లో మెరిట్ సీటు వస్తే కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు మొదలయ్యే దాకా 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు ఇది వర్తించదు.

రుణపత్రం మీద మీరూ సంతకం చేస్తారు కనుక, దానికి ముందే రుణానికి సరిపడా మీ పేరున టర్మ్ బీమా (గడువులోపు మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చేది) తీసుకోండి. స్థలం మాట శిక్షణ సీటు ఖరారైన తరువాత, అదీ రుణం చాలనప్పుడు మాత్రమే ఆలోచించండి.