అమ్మాయి ఇంగ్లీష్ టీచర్, అప్పు చేసి సెల్టా చేయించాలా?

ప్రశ్న: మాది పలాస. మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీష్, బీఈడీ చేసి ఇక్కడే ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెబుతోంది. పిల్లలకు మార్కులొస్తున్నాయి గానీ ఒక్కరూ ఇంగ్లీష్‌లో నోరు విప్పడం లేదని ఇంటికొచ్చి బాధపడుతుంది. కేంబ్రిడ్జ్ వాళ్లు ఇంగ్లీష్ టీచర్లకు ఇచ్చే సెల్టా సర్టిఫికెట్ కోర్సు చేస్తే ఉపయోగమని ఎవరో చెప్పారట. డీఎస్సీ కూడా రాయాలనుకుంటోంది. అప్పు చేసైనా సెల్టా చేయించమంటారా?

జవాబు: అప్పు చేయకండి. సెల్టా మంచి కోర్సే. కనీసం 120 గంటల శిక్షణ, అందులో 6 గంటలు ట్రైనర్ల ఎదుట క్లాసు చెప్పాలి. కాకపోతే అది పెద్దవాళ్లకు ఇంగ్లీష్ నేర్పేవారి కోసం పెట్టిన కోర్సు. విదేశాలకు వెళ్లాలన్నా, నగరాల్లోని లాంగ్వేజ్ సెంటర్లలో చేరాలన్నా అక్కరకొస్తుంది. డీఎస్సీలో దానివల్ల ఒక్క మార్కూ కలవదు. అక్కడ చూసేది రాతపరీక్షకు 80 శాతం, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ.

పిల్లలు మాట్లాడడం లేదని ఆమె బాధపడుతోంది చూశారా, మంచి టీచర్ అవుతుందనడానికి నాకు అదే గుర్తు. పీరియడ్ అంతా టీచరే మాట్లాడితే పిల్లలకు మాట్లాడే సందు ఎక్కడిది? వారానికి ఒక్క పీరియడ్ వాళ్లకు వదిలేయమనండి. పలాస పిల్లలకు జీడిపిక్కల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పిక్కలు ఉడికించడం, తొక్క కొట్టడం, పప్పు ఆరబెట్టడం, పొట్టు ఒలవడం, గ్రేడింగ్. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఈ పనుల్లో కొన్ని ఒకరి కాగితం మీద, మిగతావి రెండోవారి కాగితం మీద రాసివ్వాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. 'వాట్ డు దే డూ నెక్స్ట్?' అని అడిగి తెలుసుకుని వరస పూర్తి చేయాలి. అవతలివాళ్ల దగ్గరున్న సంగతి తనకు కావాలి కాబట్టి ఎంత బిడియస్తుడైనా అడుగుతాడు. మాట్లాడుతుండగా తప్పులు దిద్దొద్దు. రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో ఎవరి పేరూ ఎత్తకుండా బోర్డు మీద సరిచేయాలి. మధ్యలో తెలుగు దొర్లినా పర్వాలేదు.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లలకు తెలిసినదాని నుంచి పాఠం మొదలుపెట్టడానికి మనకు అంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

క్లాసులో గోల అని యాజమాన్యం అభ్యంతరం చెప్పొచ్చు. ముందే హెడ్మాస్టర్‌తో మాట్లాడి, ఒకసారి వచ్చి చూడమని పిలవాలి. ఏం చేయించింది, ఎక్కడ కుదరలేదు అన్నది ప్రతివారం ఒక పేజీ రాసుకుంటే, రేపు ఇంకో స్కూల్లో డెమో క్లాసుకు అదే పనికొస్తుంది.

కోర్సు కావాలంటే, 1958లో మొదలైన హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) దూరవిద్యలో ఇంగ్లీష్ బోధనకు పీజీ సర్టిఫికెట్ ఇస్తోంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు, ఫీజు చూసుకోండి. బ్రిటిష్ కౌన్సిల్ టీచర్ల కోసం ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సులు పెడుతుంది, వాటితో మొదలుపెట్టొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు ఇలాంటి శిక్షణ తీసుకోవాలంటోంది. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక బెంగళూరులోని దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీష్ సంస్థ శిక్షణకు శాఖ ద్వారానే వెళ్లే వీలుంటుంది.

టెట్ స్కోరు తక్కువగా ఉంటే ముందు దాని సంగతి చూడమనండి. ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఎక్కువ వచ్చిన స్కోరే లెక్కలోకి వస్తుంది.