సమాధానం: పాల కేంద్రం పక్కనే చెత్తకుప్ప

పాలు అమ్మే చోటు పక్కనే ఇళ్ల చెత్త పోస్తున్నారని, తెచ్చిన పాలు కాచగానే విరిగిపోతున్నాయని రాశారు. దయచేసి రెండింటినీ ఒకే ఫిర్యాదులో కలపకండి. చెత్త పారిశుద్ధ్య విభాగం పని, పాలు ఆహార తనిఖీ అధికారుల పని. కలిపి రాస్తే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

చెత్త గురించి గట్టిగా అడగవలసింది ఒక్కటే: వారానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నారు? వేడి వాతావరణంలో గుడ్డు నుంచి ఈగ తయారవడానికి 7 నుంచి 10 రోజులు చాలు. కాబట్టి వారానికి కనీసం 2 సార్లు తీయాల్సిందే. కుప్పను కర్రతో కదిలించి చూడండి. అడుగున తెల్లటి పురుగులు (ఈగల పిల్లలు) మెదులుతుంటే ఫోటో తీసి, తేదీ వేసి జతచేయండి.

పాలు విరగడానికి మాత్రం ఈగలే కారణమని రాయవద్దు. పితికిన వెంటనే చల్లబరచకపోవడం, సరిగా కడగని క్యాన్లు అసలు కారణాలు కావచ్చు. నమూనాను అధికారులే తీసి సీలు వేయాలని కోరండి. అమ్మేవారు లాక్టోమీటర్ (పాల సాంద్రత కొలిచే పరికరం) చూపిస్తే నమ్మేయకండి; వెన్న తీసి నీళ్లు కలిపిన పాలను అది పట్టుకోలేదు, సూక్ష్మజీవులనైతే అసలే చూపదు. ఇంట్లో పసిపిల్లలుంటే, ఇది తేలేదాకా ఆ పాలు మాన్పించండి.