అనంతపురానికి పాఠం చెప్పడానికొస్తున్న మేనకోడలికి

పాపా,

నువ్వు ఉద్యోగం మానేసి, పుట్టిన ఊరికొచ్చి పిల్లలకు ఇంగ్లీషు చెప్తానంటున్నావని మీ నాయన ఫోన్ చేసినాడు. వాడి గొంతులో కోపం. నాకేమో సంతోషం పట్టలేక రాత్రంతా నిద్ర లేదు. తెల్లారేసరికి భయం కూడా వచ్చి కూర్చుంది. అందుకే రాస్తున్నా. మీ నాయనతో చదివించుకో, ఎక్కడన్నా దాటేస్తే ఊరుకోవద్దు.

ముందు కాగితాలు. టూరిస్టు వీసా మీద వచ్చి బడిలో చేరొచ్చని ఎవరన్నా చెప్తే వినొద్దు, అది తప్పు. నీది అమెరికా పాస్‌పోర్టు కాబట్టి ఓసీఐ కార్డు, అదే విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకు మన సర్కారు ఇచ్చేది, తీసుకో. జన్మంతా చెల్లుతుంది, ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చు. సర్కారు బడి ఉద్యోగం మాత్రం ఆ కార్డుతో రాదు. ప్రైవేటు బడులో, ట్రస్టులు నడిపే బడులో చూసుకోవాలి. ఇంగ్లీషు పరాయి భాషగా నేర్పడానికి నువ్వు చేసిన టెఫెల్ కోర్సు మంచిదే గానీ ఇక్కడ బీఎడ్ అడుగుతారు, దానికి ఇది బదులు కాదు. డిగ్రీ వేరే దేశంలో చెల్లేటట్టు వేసే అపోస్టిల్ ముద్ర అక్కడుండగానే వేయించుకో. బళ్లు జూన్‌లో తెరుస్తారు. ప్రైవేటు వాళ్లు టీచర్లను ఎండాకాలంలోనే చూసుకుంటారు, కాబట్టి ఎండకు జడిసి ఆలస్యంగా దిగొద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ బడి బీరువాలోనూ పెట్టొద్దు. చూపించి, జిరాక్సు ఇచ్చి, అప్పుడే వెనక్కు తీసుకో. "ఏడాది కాగానే ఇస్తాంలేమ్మా" అని నవ్వుతూ అడుగుతారు, నువ్వు కాదనలేవు. చిన్నప్పుడు బిస్కెట్ కావాలన్నా నోరు తెరిచేదానివి కాదు. నా కొంగు పట్టుకుని డబ్బా వైపు చూసేదానివి. నేను కనిపెట్టి ఇచ్చేదాన్ని. ఆఫీసు గదిలో అట్లా కనిపెట్టేవాళ్లు ఉండరు తల్లీ.

ఇక అసలు మాట.

నేను పని చేసిన ఒక బడికి బెంగుళూరులో చదువుకున్న ఒక మేడమ్ వచ్చింది. మంచి మనిషి, సొంత డబ్బుతో పిల్లలకు కథల పుస్తకాలు కొనేది. తరగతిలో తెలుగు వినపడకూడదని పెట్టింది, వినపడితే రూపాయి జరిమానా. నాలుగు రోజుల్లో గది చడీచప్పుడు లేకుండా అయిపోయింది. శ్రద్ధగా వింటున్నారని ఆమె మురిసిపోయింది. నోరు కట్టేసుకుని కూర్చున్నారని తెలుసుకోలేదు.

ఏడో తరగతిలో ఒక పిల్లోడు. వానలు పడి విత్తనం వేసే రోజులు. మిషన్లో వేస్తే పప్పు దెబ్బ తింటుందని విత్తనం శెనక్కాయలు చేత్తోనే వలిచేవాళ్లు. రాత్రిపూట ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ కూర్చుని, ఒక్కో కాయ బొటనవేలితో నొక్కి పగలదీయాలి. రెండు రాత్రులకు పెద్దవాళ్ల గోరే లేచొస్తుంది. వాడు హోంవర్కు రాయలేదు. ఎందుకు రాయలేదని మేడమ్ ఇంగ్లీషులో అడిగింది. అడిగింది వాడికి తెలిసింది, చెప్పడానికి ఇంగ్లీషు లేదు, తెలుగులో చెప్తే జరిమానా. కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపించినాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆమె బయట నిలబెట్టింది.

వరండాలో పోతూ నేను ఆ వేలు చూసినాను. గోరు కింద నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది, చుట్టూ వాపు, సందులో పొట్టు ముక్క. "కాయలు వలిచినావేరా?" అంటే తలూపినాడు గానీ నాతోనూ మాట్లాడలేదు. సాయంత్రం చెప్తే మేడమ్ ఏడ్చింది, మర్నాడు వాళ్లింటికి పోయింది కూడా. వాడు బడికి రానంటే రానన్నాడు. పంట పోయినాక ఆ ఇంటివాళ్లు బెంగుళూరుకు కూలికి పోయినారు.

ఆమెకు తెలుగు వచ్చు పాపా. నీకు ఇంట్లో మాట్లాడే నాలుగు ముక్కలు తప్ప రాదు. నా భయమంతా అదే.

సీపీ బ్రౌన్ దొర కలకత్తాలో పుట్టి, ఇంగ్లండుకు పోయి, నీలాగే పుట్టిన దేశానికి తిరిగొచ్చినాడు. 1820లో కడపకొచ్చి మన పండితుల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. 1852లో నిఘంటువు అచ్చు వేసేదాకా పోయినాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది, తీసుకుపోతా. నిన్ను నిఘంటువు రాయమనడం లేదు. బళ్లు తెరిచేలోగా రోజూ పొద్దున నా దగ్గర కూర్చుని అచ్చు పుస్తకం తడుముకోకుండా చదవడం నేర్చుకో. సర్కారు బడి సైన్సు పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు ఉంటాయి, దాంతో మొదలుపెడదాం. తరగతిలో మొదటి నెల పిల్లలను తెలుగులోనే చెప్పనీ. వాళ్లు చెప్పిందే ఇంగ్లీషు చేసి బోర్డు మీద రాయి, వాళ్లతో చదివించు. నీ అమెరికా యాస మార్చుకోవద్దు, వేగం తగ్గించు చాలు.

బాడుగ ఇల్లు వెతకొద్దు, పై గది ఖాళీగానే ఉంది. మీ నాయన కోపం సంగతి నాకొదిలెయ్. ఓసీఐకి నీ పాత ఇండియా పాస్‌పోర్టు కావాల్సొస్తుంది, అటక మీద వాడిని వెతకమను. నీ బర్త్ సర్టిఫికెట్ కోసం సోమవారం నేనే మున్సిపల్ ఆఫీసుకు పోతున్నా.

మీ పెద్దత్త