విశాఖ తాతగార్లు, డల్లాస్ పిల్లలు: మాట కలిపేదెలా?

సందేహం: ఈమధ్యే డల్లాస్ వచ్చాం. విశాఖలో అమ్మానాన్నలుండే అపార్ట్‌మెంట్‌లోని పెద్దవాళ్లతో ఇక్కడి మన పిల్లలను నెలకోసారి వీడియోలో మాట్లాడించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

ముందు పెద్ద టీవీ ఆలోచన మానుకోండి. హాల్లో నలభై మందిని కూర్చోబెట్టి ఒక తెర పెడితే అది సభ అయిపోతుంది. మైకు అందుకున్న పెద్దాయన వదలరు, పిల్లలు ఫోన్లు తీస్తారు. ఒక్కో ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు పెద్దలు, అవతల ముగ్గురు పిల్లలు. మొదటిసారికి అలాంటి గుంపులు నాలుగు చాలు.

రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే గదిలో పెట్టొద్దు. ఒకదాని స్పీకర్ మాట రెండోదాని మైకులో పడి గుయ్యిమంటుంది. నాలుగు ఫ్లాట్లు అడగండి, ఎటూ సొంత సోఫాలోనే పెద్దవాళ్లకు నోరు పెగులుతుంది. పైనున్న ఫ్యాన్ ఆపించండి. గదిలో ఉన్నవాళ్లు పట్టించుకోని ఆ మోత అవతల మాటను మింగేస్తుంది. బాగా వినపడే చెవి స్పీకర్ వైపుండేలా కుర్చీ వేయించండి. రూటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో ముందురోజే మెయిన్ ఆపి చూడమనండి. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు కట్టవుతుంది కాబట్టి 35కే ముగించుకోండి.

వేళ విశాఖలో ఆదివారం ఉదయం 7 గంటలు మంచిది. డల్లాస్‌లో అది వేసవిలో శనివారం రాత్రి 8.30, శీతాకాలంలో 7.30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఇక్కడి గడియారం మారుతుంది. వాట్సాప్ సందేశంలో రెండు ఊళ్ల వారం, టైమూ రాయండి. సాయంత్రం పెట్టారా, సీరియల్‌తో పోటీ పడాలి. గెలవలేరు.

అసలు పని ప్రశ్నల్లో ఉంది. ‘హుద్‌హుద్ గురించి చెప్పండి తాతగారూ’ అంటే ‘చాలా పెద్ద తుపానమ్మా’ అని ఆగిపోతారు. ‘2014 అక్టోబర్ 12న మీ కిటికీలు నిలిచాయా? కరెంటు వచ్చేదాకా నీళ్లు ఏ అంతస్తు దాకా మోశారు?’ అని అడిగితే పక్కనున్న మామ్మగారు అందుకుని సరిదిద్దడం మొదలుపెడతారు. మీకు కావలసింది ఆ దిద్దుబాటే. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగులుంటే షిఫ్టు, క్యాంటీన్, జీతం రోజు గురించి అడిగించండి. 1966 ఉక్కు ఉద్యమం నాటికి పదిహేనేళ్లున్నవాళ్లు ఉన్నారేమో ముందే కనుక్కోండి.

పెద్దవాళ్లూ అడగాలి: స్కూలు బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరితో కచ్చి కొట్టావు? మార్కులు, ఒళ్లు, ‘ఏదీ ఓ పద్యం చెప్పు’ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. పద్యం అడిగించుకున్న పిల్లాడు రెండో నెల కనపడడు. తెలుగు తడబడే పిల్లలున్న గుంపులో ఒక కాలేజీ విద్యార్థిని కూర్చోబెట్టండి. అడ్డుపడ్డ మాట మాత్రమే అందించాలి, మొత్తం తర్జుమా చేయకూడదు.

కనీసం మూడు నెలలు గుంపులు మార్చొద్దు. ముందే అందరూ ఒప్పుకుంటే తప్ప రికార్డు చేయొద్దు. సెలవులకు పిల్లలు విశాఖ వస్తే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర కలిపించండి. లోపల దారి ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవారిని బయట ఇసుక పక్కన కూర్చోబెట్టి, చూసొచ్చాక పిల్లలనే చెప్పమనండి.